నడికూడిలో ఆగిన బండి

రిటైరైన తెలుగు మాస్టారి గుమ్మం తొక్కేవాళ్ళు తక్కువ. శుభలేఖలో అచ్చుతప్పులు చూడమని ఒకళ్ళొస్తారు, గుళ్ళో దాతల పేర్లు చెక్కించే రాయికి నాలుగు వాక్యాలు రాసివ్వమని ఇంకొకళ్ళొస్తారు. కిందటేడు బళ్ళు తెరిచిన వారంలో మాత్రం మా చెల్లెలి కూతురు అట్టముక్కల కట్ట ఒకటీ, స్కెచ్ పెన్నుల పెట్టె ఒకటీ పట్టుకొచ్చి నా మంచం మీద పెట్టింది.

“నీ చేతిరాత గుండ్రంగా ఉంటుంది గదా మావయ్యా, వీటి మీద రాసిపెట్టు.”

ఆ పిల్ల మా గురజాల వైపు ఒక మండలంలో భవిత సెంటర్ టీచరు. కాగితాల్లో ఐఈఆర్‌పీ అంటారు. ఊళ్ళో ‘ఆ పిల్లల టీచరు’ అంటారు. ‘ఆ’ అన్నప్పుడు గొంతు కొంచెం దిగుతుంది. పల్నాట్లో గొంతు దిగే సందర్భాలు బహు తక్కువ, అందుకని ఆ దిగడం నాకు బాగా వినపడుతుంది.

అట్టముక్కలు అరచేతిలో సగం ఉంటాయి. బొమ్మలు అప్పటికే అంటించి ఉన్నాయి: గ్లాసు, అన్నం కంచం, ఉయ్యాల, చెవులు మూసుకున్న పిల్లాడు. వెనకాల చెప్పుల పట్టీకుండే వెల్‌క్రో ముక్క. నా పనల్లా బొమ్మ కింద మాట రాయడం. గ్లాసు కింద ‘మంచినీరు’ అని రాశాను. చెంబు పట్టుకుని పోతున్న పిల్లాడి కింద ‘మూత్రవిసర్జన’ అని రాశాను. మా పిల్ల చూసి నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది.

“అది చదివేలోపు వాడి పని లాగులోనే అయిపోద్ది మావయ్యా. ‘ఒంటికి’ అని రాయి.”

మంచినీరు కొట్టేసి ‘నీళ్ళు’ అయింది. ‘విశ్రాంతి’ పోయి ‘కాసేపు’ వచ్చింది. ‘సహాయం’ దగ్గర మాత్రం ఇద్దరం చాలాసేపు ఆగాం. సాయం అని ఇళ్ళల్లో ఎవరు అంటున్నారు? చివరికి ‘చెయ్యెయ్యి’ అని రాశాను. డబ్బా మూత రాకపోతే, చొక్కా గుండీ పట్టకపోతే పిల్లలు అనే మాట అదేనట. ముప్పయ్యేళ్ళు వ్యాసాల్లో వాడుకమాటల్ని ఎర్రసిరాతో కొట్టేసిన చేత్తో ఆ రోజు పదకొండు అట్టలు పాడు చేశాను.

ఆ పిల్ల దగ్గర ఒక నోటుబుక్కు ఉంది. ఏ పిల్లాడు ఇంట్లో దేన్ని ఏమంటాడో తల్లులు చెప్పినవన్నీ అందులో రాసుకుంటుంది. దీని వెనక ఒక కథ ఉంది. మాచర్ల వైపు మా పల్నాట్లో లంబాడీ తండాలు చాలా ఉన్నాయి. ఒక తండా నుంచి ఏడేళ్ళ పిల్ల కొత్తగా చేరింది. వచ్చిన రెండు రోజులూ ఏడుస్తూ ‘యాడీ, యాడీ’ అంటే, ఆయా ‘యాడికీ పోలేదమ్మా, ఇక్కడే ఉన్నాం’ అంటూ సముదాయించిందట. మా పల్నాటి తెలుగులో ‘యాడ’ అంటే ఎక్కడ. లంబాడీలో ‘యాడి’ అంటే అమ్మ. పిల్ల అమ్మను పిలుస్తుంటే మనం చిరునామా చెబుతున్నాం. ఇప్పుడు ఆ పిల్ల కార్డు మీద గ్లాసు బొమ్మ కింద ‘పాణి’ అని నా గుండ్రటి అక్షరాల్లో ఉంది.

భవిత కేంద్రాల గురించి తెలియనివాళ్ళకు రెండు ముక్కలు. సమగ్ర శిక్ష కింద మండల స్థాయిలో, మామూలు బడి ఆవరణలోనే నడిచే గదులివి. పూర్తిగా మామూలు తరగతిలో ఇమడలేని పిల్లలు, ఇమిడినా కొంతసేపు విడిగా చెప్పాల్సిన పిల్లలు అక్కడికొస్తారు. కదల్లేని పిల్లలుంటే టీచరే వాళ్ళింటికి పోతుంది. 2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రంగా పల్నాడు జిల్లా ఏర్పడ్డప్పుడు లెక్కకొచ్చిన మండలాలు 28. అంత నేలలో బుద్ధిమాంద్యం, ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లల్లో చాలామందికి స్పీచ్ థెరపీ అంటే ఇవాళ్టికీ గుంటూరు బస్సో, హైదరాబాదు బస్సో ఎక్కడమే. ఒకప్పుడైతే 1984లో సికిందరాబాదులో పెట్టిన జాతీయ మానసిక వికలాంగుల సంస్థ పేరొకటే చెప్పుకునేవాళ్ళు. రాత్రి బస్సుకు పిల్లాణ్ణి ఒళ్ళో వేసుకుని పోయి, మళ్ళీ రాత్రి బస్సుకు తిరిగొచ్చిన తల్లులు నాకు తెలుసు. అక్కడ చెప్పింది ఇంటికొచ్చి చేద్దామంటే మిరప కోతలు, కూలి, అత్తగారు.

నేను ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఆటిజం అన్న మాట స్టాఫ్ రూములో ఒక్కసారి కూడా వినలేదు. వికలాంగుల కోసం వచ్చిన 1995 చట్టం ఏడు రకాల వైకల్యాలను చెప్పింది, అందులో ఇది లేదు. 2016 చట్టం 21 రకాలు చెప్పింది, అందులో ఉంది. నడుమ ఇరవై ఒక్క ఏళ్ళు. ఆ ఇరవై ఒక్క ఏళ్ళలో నా తరగతి గదుల్లో ఆ పిల్లలు లేరనా? ఉన్నారు. వాళ్ళకు మేం పెట్టిన పేర్లు వేరు. మొండివాడు, పొగరుబోతు, చెప్పినమాట విననివాడు.

ఒకణ్ణి చెప్పాలి. ఊరూ బడీ వద్దు. ఆరో తరగతి. ప్రార్థన గంట కొట్టగానే రెండు చెవులూ మూసుకుని కూచునేవాడు. అందరూ నిలబడ్డప్పుడు వాడు గొంతుకూచునేవాడు. క్రమశిక్షణ బాధ్యత నాది. ఒక రోజు వెళ్ళి చెవుల మీది చేతులు రెండూ బలంగా కిందికి లాగి పట్టుకున్నాను. నిండా పన్నెండేళ్ళు లేని పిల్లాడు, నా మణికట్టు కొరికాడు. నేను కొట్టాను. వాళ్ళ నాన్న వచ్చి టీసీ పట్టుకుపోయాడు, నాకు దణ్ణం కూడా పెట్టి పోయాడు. అప్పట్లో నేను న్యాయంగానే చేశాననుకున్నాను. ఆ గంట రైలుపట్టా ముక్క. దానిమీద ఇనపకడ్డీతో కొట్టేవాళ్ళు. నాకే పళ్ళు జివ్వుమనేవి. వాడి చెవికి అది ఎట్లా వినపడేదో ఇప్పుడు ఊహించుకుంటున్నాను. వాడి ఊరు తెలుసు, బస్సు కూడా తెలుసు. వెళ్ళలేదు.

అట్టల మీద రాస్తూ రాస్తూ మన మాటల గురించే ఆలోచన పట్టుకుంది, వృత్తి వదల్లేదు కదా. తెలుగులో కోపం మనం చేసే పని కాదు. నాకు కోపం వచ్చింది అంటాం. జ్వరం వచ్చినట్టు, వాన వచ్చినట్టు, చుట్టం వచ్చినట్టు. వచ్చింది కనుక పోతుంది కూడా. ఏడుపు వస్తుంది, నవ్వు వస్తుంది, భయమూ నిద్రా వస్తాయి. మాట కూడా అంతే. ‘వాడికి ఇంకా మాటలు రాలేదండీ’ అని తల్లి అంటుంటే, ఆ మాటలేవో మాచర్లలో బస్సెక్కి దారిలో ఉన్నట్టు వినపడుతుంది నాకు. మాట రావాల్సిన దారిలో మాట రాకపోతే ఆ దారినే కోపం వస్తుంది. రెంటికీ దారి ఒకటే. భవిత సెంటర్ గోడకానుకుని కూర్చుని నేను చూసిన గోలల్లో సగానికి సగం ఇదే: దప్పిక, తలనొప్పి, ఒంటికి, ఆ పక్క పిల్లాడు నా సీట్లో కూచున్నాడు. చెప్పే దారి లేక, కంచం గిరాటు వేయడం.

రాని మాట కోసం మన పెద్దవాళ్ళు వస పోశారు. వసకొమ్ము అరగదీసి తేనెతో నాలుక మీద రాస్తే మాట వస్తుందని. ఎక్కువ పడితే వసపిట్ట అయిపోతాడని వేళాకోళం. ఇప్పటికీ బస్సులో ఎవరో ఒక పెద్దావిడ ‘వస పోశారా అమ్మాయ్’ అని అడగకుండా ఈ తల్లులు ప్రయాణం చేయలేరు. పిల్లాడు కేకలు పెడితే సలహా ఇంకోరకం: ‘నాలుగు తగిలించు, దారికొస్తాడు.’ మా పిల్ల దగ్గరికొచ్చే ఒక తల్లి ఆ మాటకు జవాబుగా కార్డొకటి రాసిమ్మని నన్నే అడిగింది. ఏం రాయాలమ్మా అంటే, “మీ పని మీరు చూసుకోండి అని రాయండి మాస్టారూ, బస్సులో అందరికీ చూపిస్తా” అంది. రాసిచ్చాను. ఆ మూటలో నాకు బాగా నచ్చిన కార్డు అదే.

బొమ్మ కార్డులంటే భయపడే తల్లులు కూడా ఉన్నారు. బొమ్మ చూపించడం అలవాటైతే ఇక నోరు తెరవడేమోనని. భయం న్యాయమైనదే, కానీ అనుభవం దానికి ఎదురు చెబుతోంది. 2006లో ఇంగ్లీషులో వచ్చిన ఒక సమీక్ష, ఇట్లా బొమ్మలూ సైగలూ వాడిన 27 మందిని పరిశీలిస్తే ఒక్కరికి కూడా ఉన్న మాట తగ్గలేదని తేల్చింది. చాలామందికి పెరిగింది. చంకలో కర్ర ఉందని కాలు మరిచిపోయేవాడెవడూ ఉండడు.

ఇప్పుడు ఫ్యాను సంగతి. ఆగస్టు నెల. మా వైపు ఆగస్టు అంటే వాన కంటే ఉక్క ముందు. గదిలో ఆరుగురు పిల్లలు, మా పిల్ల, ఆయా, మూల కుర్చీలో నేను. తొమ్మిదేళ్ళవాడొకడు పడుకుని ఫ్యాను చూస్తున్నాడు. తిరిగే ఫ్యాను చూస్తుంటే వాడి ముఖంలో వెన్నపూస లాంటి నెమ్మది. కరెంటు పోయింది. రెక్కలు మెల్లగా ఆగుతుంటే ముందు వాడి కాళ్ళు బిగుసుకున్నాయి, తర్వాత అరుపు, తర్వాత తల గోడకేసి కొట్టుకోవడం మొదలుపెట్టాడు.

నేను లేచాను. ఏమైందిరా, ఏం లేదు నాన్నా, కరెంటు పోయింది, వస్తదిలే, ఇదిగో ఇటు చూడు, బిస్కెట్టు కావాలా, ఊరుకో, ఊరుకోరా… గదికి వినపడేట్టు ఎంతసేపు అన్నానో. మా పిల్ల నా వైపు చూడకుండానే చెయ్యెత్తి ఆపింది. ఆయాకు కళ్ళతోనే చెప్పింది, మిగతా పిల్లలు వరండాలోకి పోయారు. పాతచీరల బొంత మడిచి వాడి తలకూ గోడకూ మధ్య పెట్టింది. వాడికి ఎదురుగా కాదు, పక్కగా, రెండు మూరల ఎడంగా నేల మీద కూచుంది. వాడి ముఖంలోకి కూడా చూడలేదు. కిటికీ తలుపు ఒకటి దగ్గరికి వేసింది. అంతే. ఏమీ అనలేదు. పది నిమిషాలు నాకు పది గంటల్లా గడిచాయి. అరుపు మూలుగైంది. అప్పుడు జొన్నల సంచీ వాడి దగ్గరికి జరిపింది. రెండు కిలోల జొన్నలు పోసి కుట్టిన గుడ్డసంచీ అది. వాడు దాన్ని తొడల మీదికి లాక్కుని రెండు చేతులూ అందులోకి నొక్కుకున్నాడు. శ్వాస కిందికి దిగింది.

తర్వాత నాకు చెప్పింది, అదీ వరండాలోకి తీసుకుపోయి.

“అప్పుడు వాడికి మాట ఎక్కదు మావయ్యా. మనం ఎంత మంచిగా మాట్లాడినా అదొక చప్పుడే. మన భయం వాడికి ఇంకో బరువు.”

“మరి ఊరుకోబెట్టొద్దా?”

“ఊరుకోవడం వేరు, కుదుటపడటం వేరు.”

ఈ ఒక్క మాట దగ్గర నేను చాలా రోజులు ఆగిపోయాను. మనకు ఏడ్చే పిల్లాణ్ణి ఓదార్చే మాటా, వాగేవాడి నోరు మూయించే మాటా ఒకటే: ఊరుకో. చప్పుడు ఆగితే బాధ తీరిందని మన భాషే అనుకుంటుంది. నా తరగతులన్నీ ఊరుకున్న తరగతులు. పిన్ను పడితే వినపడేంత నిశ్శబ్దమని ఇన్‌స్పెక్టరు మెచ్చుకున్న రోజులున్నాయి. అందులో కుదుటగా ఉన్నవాళ్ళెందరో నేనెప్పుడూ లెక్కపెట్టలేదు.

జొన్నల సంచీ అందరికీ పనిచేయదని మా పిల్లే అంటుంది. కొందరు విసిరికొడతారట. ఒంటి మీద బరువు ఉంటే కుదుటపడే పిల్లలు కొందరుంటారు. అమెరికాలో టెంపుల్ గ్రాండిన్ అనే ఆవిడ, ఆటిజంతో పుట్టి పశువుల శాస్త్రంలో ప్రొఫెసరైన మనిషి, దగ్గరి చుట్టమైన ఒకావిడ పశువుల కొట్టంలో దూడలకు సూది వేసేటప్పుడు రెండు పక్కలా పలకలతో అదిమిపట్టడం చూసింది. బెదిరిన దూడ నెమ్మదించడం గమనించి, పద్దెనిమిదేళ్ళ వయసులో తన కోసం చెక్కలతో అటువంటిదే ఒకటి చేసుకుంది. ఇది చదివినప్పుడు మా నాన్న గుర్తొచ్చాడు. లాడాలు కొట్టించే రోజు ఒంగోలు గిత్త బెదిరితే, నాన్న అదిలించేవాడు కాదు. పక్కన చేరి గంగడోలు కింద అరచెయ్యి పెట్టి నిమురుతూ ఉండిపోయేవాడు. నోరు మెదిపేవాడు కాదు. గొడ్డు దగ్గర తెలిసిన ఈ విద్య మాకు పిల్లల దగ్గరికి వచ్చేసరికి ఎందుకు గుర్తురాలేదో! వాళ్ళకు మాటలొస్తాయన్న ధీమా కాబోలు.

మర్నాడు మా పిల్ల ఇంకో కార్డు రాయించింది. ఆగిన ఫ్యాను బొమ్మ, కింద ‘కరెంటు పోయింది’. పోయినప్పుడల్లా దాన్ని వాడి చేతికిచ్చేది, వాడు పట్టుకుని ఉండగా వరండాలోకి నడిపించేది. సంక్రాంతి సెలవలు ఇచ్చే వారం, కరెంటు పోతే వాడే గోడ మీంచి కార్డు చర్రుమని ఊడబీకి తెచ్చి ఆవిడ చేతిలో పెట్టాడు. పెట్టి ఏడ్చాడు. కానీ గోడ దగ్గరికి పోలేదు. ఆగస్టు నుంచి జనవరి దాకా పట్టిన పని ఇది. చదువుల ప్రగతి నివేదికలో దీనికి గడి లేదు.

కార్డు చేతిలో పెట్టడం అన్నానే, అది కూడా ఊరికే కాదు. 1985లో అమెరికాలోని డెలావేర్‌లో ఆండీ బాండీ, లోరీ ఫ్రాస్ట్ అనే ఇద్దరు పట్టిన పద్ధతి అది. బొమ్మ వేలితో చూపించడం కాదు, తెచ్చి మనిషి చేతిలో పెట్టాలి. ఎందుకంటే గోడకు చూపిస్తే గోడ వినదు. మాటంటే నోరొక్కటే కాదు, అవతల ఒక మనిషి కూడా అని ముందు తెలియాలి. అదే ఏడు ఎడ్వర్డ్ కార్, మార్క్ డ్యురాండ్ అనే వాళ్ళు ఇంకో పని చేశారు. పని కష్టమైతే అల్లరి చేసే పిల్లలకు శిక్ష మాని, ‘నాకు అర్థం కాలేదు’ అని చెప్పడం నేర్పారు. ఆ వాక్యం చేతికొచ్చాక అల్లరి తగ్గిపోయింది. ముప్పయ్యేళ్ళలో నా దగ్గర చదివినవాళ్ళు వేలల్లో ఉంటారు. ‘నాకు అర్థం కాలేదు’ అని నాతో అన్నవాణ్ణి ఒక్కణ్ణి గుర్తుచేసుకుందామని ఒక రాత్రంతా ప్రయత్నించాను.

ఆ జాతి మాటే మా గోడ మీద ఒకటుంది. ‘చాలు’. తెలుగులో ఇంతకంటే పొదుపైన వాక్యం లేదు. కర్త లేదు, కర్మ లేదు, అడిగేవాడికి అర్థమైపోతుంది. పూసలు గుచ్చుతూ గుచ్చుతూ విసుగొస్తే చెయ్యి కొరుక్కునే పిల్ల ఒకతి ఉంది. ఆ పిల్లకు ఈ కార్డు ఇచ్చారు. మొదటి వారం ఒక పూస గుచ్చి ‘చాలు’ ఇచ్చింది. మా పిల్ల వెంటనే తీసేసింది. అన్నం రెండు ముద్దలు తిని ‘చాలు’. తీసేసింది. బలపం పట్టకముందే ‘చాలు’. తీసేసింది. నాలోని మాస్టారు ఊరుకోలేదు.

“ఇట్లా అయితే చదువేం వస్తుందే?”

“ముందు చాలంటే ఆగుతారని దానికి నమ్మకం కుదరాలి మావయ్యా. కుదిరాక ఇంకొక్క పూస అని అడుగుదాం.”

దసరా దాటాక అడిగింది. గుచ్చింది. ఆ పిల్ల తల్లి పొరుగూళ్ళో మిరప కోతలకు పోతుంది. బిడ్డకు పింఛను నెలకు ఆరు వేలు, 2024 జూలైలో మూడు నుంచి పెరిగినవి. ఒక రోజు వచ్చి నిలబడి, “టీచరమ్మా, రాత్రి మా ఆయన తాగొచ్చి వాగుతుంటే ఇది పోయి ఆయన చేతిలో చాలు పెట్టింది” అంది. నవ్వాలో వద్దో తెలియక అందరం ఆయమ్మ ముఖం చూశాం. ఆమె నవ్వాకే నవ్వాం.

నా శిక్షణ మాత్రం నిదానంగా సాగుతోంది. నాకున్న రోగం ఒకే ప్రశ్నను మూడు రకాలుగా అడగడం. నీ పేరేంటి, నిన్నేమని పిలుస్తారు, అమ్మ ఏమంటుంది నిన్ను? పిల్లలకు తేలికవుతుందని ఉపాధ్యాయ శిక్షణలో నేర్చుకున్నదే. “అవి నీకు ఒక ప్రశ్న, వాడికి మూడు” అంది మా పిల్ల. మొదటిదానికి జవాబు వెతుక్కుంటుంటే రెండోది మీద పడుతుందట, మళ్ళీ మొదటికి రావాలట. ఒకసారి అడిగి మనసులో పది దాకా లెక్కపెట్టమంది. పది అంటే ఎంత పొడుగో పల్నాటివాడికి తెలియదు. మా పౌరుషమంతా గొంతులోనే ఉంది. పొలం గట్టు మీంచి పొలం గట్టుకు, వీధి అరుగు మీంచి అరుగుకు మాట్లాడుకున్నవాళ్ళం. శివరాత్రికి కోటప్పకొండకు ప్రభ కడితే ఆ ఊరి చప్పుడు ఈ ఊరి చప్పుణ్ణి కొట్టాలి. పక్క ఊరివాళ్ళ మైకు కంటే మన మైకు ఒక పిసరు తగ్గితే ఏడాదంతా తలవంపు. ఆ తిరునాళ్ళకు పిల్లాణ్ణి తీసుకుపోవాలని ఒక తండ్రి పట్టుబడితే, మా పిల్ల వద్దనలేదు. చెవులకు పెట్టుకునే మూతలిచ్చింది, ‘కొండ – దేవుడు – ప్రభ – ఇల్లు’ అని నాలుగు బొమ్మలు వరసగా అంటించిన పట్టీ ఇచ్చింది, తెల్లవారుజామునే వెళ్ళి జనం పెరిగేలోపు దిగిపొమ్మంది. మూడో బొమ్మ దాకా బాగానే నడిచిందట. ప్రభ దూరాన కనపడగానే పిల్లాడు పట్టీలో చివరి బొమ్మ ఊడబీకి నాన్న చేతిలో పెట్టాడు. నాన్న ప్రభ వైపు ఒకసారి, బొమ్మ వైపు ఒకసారి చూసి వెనక్కి తిరిగాడు. అదీ ఆ ఊరి ప్రభకు ప్రతి ఏడూ భుజం పట్టే మనిషి.

నాకు దగ్గరైనవాడు మాత్రం రైలు పిల్లాడు. పదకొండేళ్ళు. మాటలున్నాయి, కానీ సంభాషణ లేదు. నోరు తెరిస్తే స్టేషన్లు. మాచర్ల, రెంటచింతల, గురజాల, నడికూడి, పిడుగురాళ్ళ, బెల్లంకొండ, సత్తెనపల్లి… గుంటూరు ఆసుపత్రికి నాన్నతో ఆ బండిలో పోయి వస్తుంటాడు. నడుమ చిన్న స్టేషన్లు కూడా వాడు వదలడు, నాకే గుర్తుండవు. ఉక్కపోస్తే వాడు ‘రెంటచింతల’ అంటాడని ఆయా వేళాకోళం, ఎండలకు పేరు మోసిన ఊరు కదా. అది నేను నమ్మను. కానీ ‘నడికూడి’ సంగతి వేరు. అన్నం వడ్డించడం ఆలస్యమైతే ‘నడికూడి’. నాన్న మోటారుసైకిల్ రాకపోతే గేటు పట్టుకుని ‘నడికూడి, నడికూడి’, గొంతు పెంచుకుంటూ. చివరికి గేటుకేసి తల. ఊరి పేరు తలుచుకుంటున్నాడని అందరం అనుకున్నాం. నోటుబుక్కు పట్టుకుని మా పిల్ల వాళ్ళ నాన్నను అడిగితే బయటపడింది. నడికూడి జంక్షన్. మాచర్ల నుంచి వచ్చే మా లైను బీబీనగర్ నుంచి వచ్చే లైనులో అక్కడ కలుస్తుంది. ఎదురుబండి కోసం ఒకసారి అక్కడ చాలాసేపు ఆపేశారట. ఎప్పుడు కదులుతుందో చెప్పేవాళ్ళు లేరు. పిల్లాడు అల్లాడిపోయాడట.

ఆటిజం మీద 1943లో పదకొండు మంది పిల్లల గురించి రాసిన లియో కానర్, 1946లో ఇంకో వ్యాసం రాశాడు. ఈ పిల్లలు అసందర్భంగా అనే మాటలకు వెనక ఒక సందర్భం ఉంటుందనీ, అది ఎక్కడ మొదలైందో తెలిసినవాళ్ళకు ఆ మాట ఉపమానంలాగా విచ్చుకుంటుందనీ అందులో చూపించాడు. తెలుగు మాస్టారిని, ఉపమాలంకారం నాకు కొత్త కాదు. ఎదురుచూపుకు ‘నడికూడి’ అని పెట్టినవాణ్ణి మాత్రం ఇన్నేళ్ళలో ఇదే చూడటం. ముందు మేం అనుకున్నది వాడికి ‘ఆలస్యం’ అన్న మాట నేర్పాలని. మా పిల్ల వద్దంది. ముందు వాడి మాట మనకు రానీ అంది.

మొన్న గురువారం సాయంత్రం. రైలు పిల్లాడు తప్ప పిల్లలందరూ వెళ్ళిపోయారు. ఆయా గది ఊడుస్తోంది. మా పిల్ల లోపల రిజిస్టర్లు రాసుకుంటోంది. వాళ్ళ నాన్న బండి టైరు పంక్చరట, ఫోన్ చేశాడు. వరండా మెట్టు మీద వాడూ నేనూ. వాడు గేటు వైపు చూశాడు. వేళ్ళు మెలితిప్పుకోవడం మొదలైంది.

“నడికూడి” అన్నాడు.

వస్తాడులే, పంక్చర్ అంటించుకుంటున్నాడు, ఇంకో పది నిమిషాలు, బిస్కెట్టు తింటావా — ఇవన్నీ నాలుక చివరి దాకా వచ్చాయి. మింగాను.

“ఊఁ. నడికూడి” అన్నాను.

వాడు నా వైపు తిరగలేదు కానీ వేళ్ళు ఆగాయి. బడి వేపచెట్టు మీద కాకులు సర్దుకుంటున్నాయి. నేను మనసులో పది దాకా లెక్కపెట్టి, మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టాను. ఎన్ని పదులయ్యాయో తెలియదు. రోడ్డు మలుపు దగ్గర హారన్ వినపడింది, నాకంటే ముందు వాడికి.

లేచి నిలబడి, లాగు దులుపుకుని, “పిడుగురాళ్ళ” అన్నాడు.